పలాసలో మారిన పనిముట్టు నౌపడలో ఎందుకు మారలేదు?

శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు పండించే తీరును వందేళ్ల కిందటి మనిషి వచ్చి చూసినా పెద్దగా తికమకపడడు. పోటు నీటిని ముందు పెద్ద మడుల్లోకి తోడతారు. ఎండకు కొంత ఇగిరాక దాన్ని చిన్న మడుల్లోకి, అక్కణ్ణుంచి ఉప్పు తేరే మడుల్లోకి వదులుతారు. ఆ చివరి మడుల అడుగును కాళ్లతో తొక్కి తొక్కి గట్టిపరచాలి, లేకపోతే ఉప్పుతో పాటు బురదా లేస్తుంది. ఉప్పు పేరుకున్నాక పొడవాటి కర్రకు బిగించిన చెక్క పలకతో గట్టుకు లాగుతారు, తట్టలకెత్తి మోస్తారు, కుప్ప పోసి వాన తగలకుండా కప్పుతారు. ఏతం పోయి ఇంజన్ వచ్చింది, తాటాకు పక్కన టార్పాలిన్ వచ్చింది. చెప్పుకోదగ్గ మార్పు అంతే. అదే నౌపడలో రైలెక్కి పూండి దాటి పలాసలో దిగితే కథ వేరు. ఒకప్పుడు అక్కడ జీడిపిక్కను కాల్చి, పొగలో కూర్చుని, జీడినూనెకు వేళ్లు పొక్కుతుండగా చేత్తో కొట్టి పప్పు తీసేవాళ్లు. తర్వాత కాల్చడం తగ్గి ఆవిరి బాయిలర్లు వచ్చాయి, పిక్క కోసే యంత్రాలు, పప్పు ఆరబెట్టే డ్రయ్యర్లు వచ్చాయి. ఒకే జిల్లా, ఒకే భాష, దాదాపు ఒకే కులాలు, ఒకే ఎండ. ఒక చోట పనిముట్టు మారింది, ఇంకో చోట మారలేదు.

కొన్ని సమాజాలు యంత్ర విద్యలో ముందుకెళ్లి మరికొన్ని వెనకబడటానికి కారణమేమిటని అడిగితే మనకు తయారుగా ఉన్న జవాబులు మూడు. వాళ్లకు తెలివి ఎక్కువ అనేది ఒకటి. వాళ్ల భూమి, బొగ్గు, వాతావరణం కలిసొచ్చాయనేది రెండోది. వాళ్ల మతం, వాళ్ల అలవాట్లు కొత్తదనాన్ని రానిచ్చాయి, మనవి రానివ్వలేదనేది మూడోది. ప్రపంచ పటం ముందు పెట్టుకుని వీటి మీద ఎంతసేపైనా వాదించుకోవచ్చు. కానీ యూరప్‌నూ ఆసియానూ పోల్చినప్పుడు తేడాలు వందల్లో ఉంటాయి, ఏది కారణమో ఏది కాదో తేల్చడం కష్టం. నౌపడనూ పలాసనూ పక్కపక్కన పెడితే చాలా తేడాలు వాటంతటవే రాలిపోతాయి. మిగిలేది ఒకటి: పని తీరు మెరుగుపరచినవాడికి ఆ మెరుగు తాలూకు డబ్బు దక్కుతుందా, లేదా? దక్కే చోట పనిముట్టు మారింది. దక్కని చోట తండ్రి పట్టిన పలకనే కొడుకూ పట్టాడు. నా వాదన ఇదే.

జీడిపప్పు లెక్క చూడండి. గుళ్లకో ధర, బద్దలకో ధర, ముక్కలకో ధర. గుళ్లలో మళ్లీ రకాలు. పౌనుకు 180 పలుకులు తూగితే ఒక రేటు, 240 తూగితే ఇంకోటి, 320 తూగితే మరోటి. కోతలో పప్పు విరగకుండా వస్తే ఆ రోజే గల్లాపెట్టెలో తేడా కనిపిస్తుంది. అందుకే పలాస వ్యాపారి యంత్రం కొన్నాడు, అది పాడైతే మరమ్మతు నేర్పించాడు, పక్కవాడు కొన్నదాన్ని చూసి ఇంకాస్త మంచిది వెతికాడు. ఆ లాభంలో పప్పు ఒలిచే ఆడకూలీల వాటా ఎంత అన్నది వేరే పోరాటం, అది ఇంకా తేలలేదు. కానీ యంత్రం కొనాలా వద్దా అని నిర్ణయించే మనిషికి ఫలితం దక్కింది.

ఉప్పు రైతుకు అలాంటి అవకాశం లేకుండా చేసింది చట్టం. ఈస్టిండియా కంపెనీ 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్త సొత్తు చేసుకుంది. పండించినవాడు పండిందంతా సర్కారు కొఠారుకు తోలాలి, సర్కారు లెక్కగట్టిన కూలి లాంటి వాటా పుచ్చుకోవాలి. బయట అమ్మితే నేరం, ఇంటికి గుప్పెడు పట్టుకెళ్లినా నేరమే. 1880ల్లో కొంత సడలించి, సుంకం కట్టి అమ్ముకునే పద్ధతి తెచ్చారు. కానీ ఆ సుంకం ఎంత? 1888 నుంచి 37 కిలోల మణుగుకు రెండున్నర రూపాయలు. ఆ మణుగు పండించడానికి అయ్యే ఖర్చు అణాల్లో ఉండేది. సుంకం బరువును బట్టి గనుక మంచి ఉప్పుకూ మట్టి ఉప్పుకూ ఒకటే. ఇప్పుడు రైతు వైపు నుంచి ఆలోచించండి. మడికి కొత్త అడుగు వేసి, నీటి చిక్కదనాన్ని కొలిచి, చేదు ఉప్పులు కలవకుండా తెల్లటి గింజ తీశాడనుకుందాం. కొనేవాడు ఇచ్చే సొమ్ములో సింహభాగం సుంకం. తన నేర్పుకు మిగిలేది ఏమిటి? సుంకం రాబట్టడానికి కాపలా వాళ్లు కావాలి, కంచె కావాలి, తూకం కావాలి, దొంగ ఉప్పు పట్టేవాళ్లు కావాలి. ఉప్పు శాఖ తెలివంతా అటు పోయింది. సముద్రపు నీరు బోమే కొలతలో సుమారు 25 డిగ్రీలకు చిక్కబడినప్పుడు ఉప్పు తేరడం మొదలవుతుందనీ, 30 దాటితే మెగ్నీషియం చేరి చేదెక్కుతుందనీ అనుభవం మీద రైతుకు తెలుసు. ఆ అనుభవాన్ని విద్యగా మార్చాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

ఇదే కాలంలో ఇంగ్లండులోని చెషైర్ ఏం చేసింది? అక్కడ ఉప్పు పండించే ఎండ లేదు. భూమిలోంచి తోడిన ఉప్పునీటిని బొగ్గు మీద కాచి ఇగరబెట్టేవాళ్లు. ప్రకృతి ఇచ్చిన వరం చూస్తే నౌపడే మెరుగు. కానీ ఉప్పు రవాణా కోసం 1732 నాటికే వీవర్ నదిని పడవలకు అనువుగా మలిచారు, ఉప్పునీరు కాచే బొగ్గును తెచ్చుకోవడానికి 1757 నాటికి సాంకీ కాలువ తెరిచారు. అన్నిటికన్నా పెద్ద సంగతి, 1825లో బ్రిటన్ తన దేశంలో ఉప్పు పన్నును పూర్తిగా ఎత్తేసింది. ఉప్పు చవకయ్యేసరికి దాన్నుంచి సోడా తీసే కర్మాగారాలు లివర్‌పూల్ చుట్టుపక్కల లేచాయి. సోడా ఉంటే సబ్బు, గాజు, బట్టల చలువ మందు. 1873లో బ్రన్నర్, మాండ్ అనే ఇద్దరు నార్త్‌విచ్ దగ్గర పెట్టిన సోడా కంపెనీయే మరికొన్నిటితో కలిసి 1926లో ఐసీఐ అనే మహా రసాయన సంస్థ అయింది. అంటే ఒక ప్రభుత్వం తన ఊళ్లో పన్ను తీసేసి ఉప్పును పరిశ్రమకు ముడిసరుకు చేసింది, మన ఊళ్లో అదే పన్నును పెంచి ఉప్పును ఖజానాకు ముడిసరుకు చేసింది. చెషైర్ ఉప్పు ఓడలెక్కి కలకత్తాకు వచ్చింది. 1863లో బెంగాల్, ఒడిశాల్లో సర్కారు ఉప్పు తయారీనే ఆపేశారు. మన దగ్గర ఆ పన్ను పోవడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది. సోడా విద్య ఎదిగిన వందేళ్లూ నౌపడ మడుల మీద కాపలా ఉంది.

భూగోళం సంగతేమిటంటారా? అందులో నిజం లేదని అనను. దేశంలో తయారయ్యే ఉప్పులో మూడొంతులకు పైగా గుజరాత్‌దే. కచ్ ఎడారి నేల, వానలు తక్కువ, మడులు నెలల తరబడి ఆరుతాయి. శ్రీకాకుళంలో అంతకు రెండింతలకు పైగా వాన పడుతుంది, దానికి తోడు తుపాన్లు. పంట కాలం వేసవి చుట్టూ కొన్ని నెలలే. కనుక నౌపడ ఎంత తంటాలు పడ్డా కచ్ అంత ఉప్పు పండదు. కానీ భూగోళం పంట ఎంతో చెబుతుంది, పనిముట్టు ఏదో చెప్పదు. కాలం తక్కువగా ఉన్నవాడికే త్వరగా తీసే సాధనం ఎక్కువ అవసరం. వాన భయం ఉన్నవాడికే ఉప్పు కడిగి, ఆరబెట్టి, భద్రపరిచే ఏర్పాటు ఎక్కువ అవసరం. అవసరమే అన్నిటినీ కనిపెట్టిస్తుందనే మాట నిజమైతే ఆ సాధనాలు ముందు నౌపడలోనే పుట్టాలి.

మన మనుషులకే కొత్తదనం గిట్టదనే వాదన మరీ తేలిక. ఉత్తరాంధ్ర కూలీలు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఓడలెక్కి వేల సంఖ్యలో రంగూన్ వెళ్లారు. అక్కడి రేవుల్లో, ఆవిరి బియ్యం మిల్లుల్లో వాళ్లే పనిచేశారు. ఇవాళ అదే కథ గుజరాత్‌లో నడుస్తోంది. శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు ఏటా వెరావల్ వెళ్లి డీజిల్ మరపడవలు నడుపుతారు, జీపీఎస్ చూసి దారి తెలుసుకుంటారు. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకున్నదీ, 2020 జనవరిలో విడిచిపెట్టిందీ ఇలా వెళ్లినవాళ్లనే. అప్పుడు రాష్ట్రమంతా వాళ్ల కోసం బాధపడింది గానీ, రాష్ట్రంలోకెల్లా పొడవైన తీరాల్లో ఒకటైన శ్రీకాకుళం తీరంలో పుట్టినవాడు చేపల కోసం అరేబియా సముద్రానికి ఎందుకు పోవాల్సి వచ్చిందని అడిగినవాళ్లు తక్కువ. మరపడవ నిలవడానికి ఇక్కడ సరైన రేవు లేదు. జెట్టీ లేని చోట తెప్పలే ఉంటాయి, జెట్టీ ఉన్న చోట ఆ చేతులే ట్రాలర్ నడుపుతాయి.

చవక కూలి అనే అభ్యంతరం మాత్రం బరువైనది. ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ అలెన్ బ్రిటన్ పారిశ్రామిక విప్లవానికి చెప్పిన కారణం ఇదే. అక్కడ కూలి ఖరీదు, బొగ్గు చవక, కాబట్టి మనిషికి బదులు యంత్రం పెడితే గిట్టుబాటయింది. తట్ట మోసే మనిషి దొరికినంత కాలం కన్వేయర్ బెల్టు ఎవడు కొంటాడు? నిజమే. కానీ పలాసలో కూలి మాత్రం ఖరీదా? కాదే. అయినా అక్కడ యంత్రం వచ్చింది. ఎందుకంటే అది కూలి మిగల్చడానికి మాత్రమే రాలేదు, పప్పు విరగకుండా తీయడానికి వచ్చింది. నాణ్యతకు ధర ఉన్న చోట చవక కూలి కూడా యంత్రాన్ని ఆపలేదు.

కులం గురించి మాత్రం నా వాదనను కొంత తగ్గించుకోవాలి. విశాఖపట్నంలో 1840లోనే గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత ఖర్చుతో ఖగోళ పరిశోధనశాల కట్టించాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నిలబెట్టాడు, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అక్కణ్ణుంచి పరిశీలించాడు. అంటే నిశితంగా కొలిచే విద్య, ఖరీదైన దుర్భిణులు, విదేశీ శాస్త్ర సంఘాలతో ఉత్తర ప్రత్యుత్తరాలు అన్నీ ఈ తీరాన ఉన్నాయి. ఉప్పునీటి చిక్కదనం చెప్పే కొలత గొట్టం ఆ దుర్భిణి ముందు ఆటవస్తువు. కానీ నక్షత్రాన్ని కొలిచే చెయ్యి ఉప్పు మడిలోకి దిగలేదు, మడిలో ఉన్న చేతికి చదువు అందలేదు. ఇంగ్లండులో హారిసన్ అనే వడ్రంగి ఓడ గడియారం చేసి ఖగోళ పండితులతో వాదానికి దిగాడు. ఇక్కడ వడ్రంగికీ పండితుడికీ మధ్య వాదానికి కూడా చోటు లేదు. కులం చేసిన నష్టం ఇది, దాన్ని సర్కారు గుత్త మీదకు నెట్టలేం. అయితే కులం పలాసలోనూ ఉంది. కాబట్టి అది మార్పును ఆలస్యం చేయగలదు గానీ, లాభం దక్కే దారి తెరుచుకున్నాక పూర్తిగా ఆపలేకపోయిందన్నంత వరకైనా ఒప్పుకోవాలి.

నా వాదనకు అసలు గట్టి ఎదురుదెబ్బ జపాన్ నుంచి వస్తుంది. రష్యా యుద్ధం ఖర్చుల కోసం జపాన్ కూడా 1905లో ఉప్పును ప్రభుత్వ గుత్తగా మార్చింది. 1997 దాకా అది సాగింది. గుత్తే విద్యను చంపుతుందంటే జపాన్ ఉప్పు తయారీ మన కన్నా వెనక ఉండాలి. కానీ వానలు దండిగా పడే ఆ దేశం 1970ల మొదట్లోనే ఉప్పు మడులకు స్వస్తి చెప్పి, సముద్రపు నీటి నుంచి విద్యుత్తు సాయంతో పొరల ద్వారా ఉప్పును వేరుచేసే పద్ధతికి మారిపోయింది. తేడా ఎక్కడుంది? అక్కడి గుత్త డబ్బు కోసమే మొదలైనా, వచ్చిన డబ్బులో కొంత పరిశోధన మీద పెట్టింది, పాత మడుల వాళ్లకు దారి చూపించి మడులు మూయించింది. నిర్ణయించేవాడూ ఫలితం అనుభవించేవాడూ ఒకే దేశంలో, ఒకే ఖజానాలో ఉన్నారు. మద్రాసు ఉప్పు శాఖకు నౌపడ ఉప్పు మెరుగుపడితే ఒరిగేది లేదు, అమ్మే బరువు తగ్గకపోతే చాలు. కాబట్టి గుత్త అనగానే చెడ్డదని నేను తీర్పు చెప్పడం లేదు. అది ఎవరి మెరుగు కోసం పనిచేసిందన్నదే చూడాలి.

రైలు విషయంలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. పర్లాకిమిడి రాజావారు సొంత డబ్బుతో నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల గేజి రైలు వేయించారు. 1900 ఏప్రిల్ 1న అది నడిచింది, తర్వాత గుణుపురం దాకా పెరిగింది. తీరం ఉప్పును కొండల వైపు చేర్చే దారి అది. సంస్థానాధీశుడు ఇంత ముందుచూపుతో రైలు వేస్తే ఆ చుట్టుపక్కల యంత్ర విద్య ఎందుకు పుట్టలేదు? రైలు రావడం వేరు, రైలు చేయడం నేర్వడం వేరు. జపాన్‌లో మొదటి రైలు 1872లో ఇంగ్లండు ఇంజన్లతోనే నడిచింది. 1893లో కోబెలోనే ఇంజన్ కట్టారు. మన దేశంలో అజ్మీర్ కర్మాగారం 1895లో ఇంజన్ కట్టింది. తేడా రెండేళ్లే! ఆ తర్వాత జపాన్ ప్రభుత్వం తన కర్మాగారాలకు పని ఇచ్చింది. మన రైలు కంపెనీల బోర్డులు లండన్‌లో కూర్చుని బ్రిటన్ కర్మాగారాలకు ఆర్డర్లు రాశాయి. అజ్మీర్ మిస్త్రీలకు చేతకాదని ఎవరూ అనలేరు, చేసి చూపించారు. కానీ పెద్ద ఆర్డర్లు వాళ్లకు రాలేదు. ఇంజన్ల కోసమే పెద్ద కర్మాగారం చిత్తరంజన్‌లో 1950కి గానీ పని మొదలెట్టలేదు.

తెల్లవాడు వెళ్లి డెబ్బై ఎనిమిదేళ్లు దాటింది కదా, ఇంకా వాళ్ల మీద నెట్టడమెందుకు అని అడగడం న్యాయమే. 1954లో భావనగర్‌లో ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ పెట్టుకున్నాం. అంతకు ముందే, 1939లో, గుజరాత్ తీరాన మిఠాపూర్‌లో టాటా కెమికల్స్ వచ్చింది. ఉప్పు తీశాక మిగిలే చేదునీటిలో బ్రోమిన్, మెగ్నీషియం, పొటాషియం లవణాలుంటాయని, వాటికి ధర ఉంటుందని అక్కడ తెలిసిన విద్య నౌపడకు నడిచి రాలేదు. కారణం మళ్లీ అదే. నౌపడ ఉప్పు నేలలో చాలా వరకు కేంద్ర ఉప్పు శాఖది, రైతు లీజుదారు. లీజు ఎన్నాళ్లుంటుందో, రేపు ఆ నేల ఏ పోర్టుకో పరిశ్రమకో పోతుందో తెలియనివాడు కడిగే యంత్రం కొనడు, మడికి కొత్త అడుగు వేయడు. దాని మీద, అయోడిన్ కలపని ఉప్పును తినడానికి అమ్మకూడదన్న నిబంధన 2006లో వచ్చింది. ఆరోగ్యం దృష్ట్యా అది సరైన నిర్ణయమే. కానీ అయోడిన్ కలిపి ప్యాకెట్ కట్టే పెద్ద కంపెనీ చేతికి ధర వెళ్లిపోయింది, మడి గట్టు మీద కుప్పకు ముడి సరుకు ధరే మిగిలింది.

ఆ మడులున్న సంతబొమ్మాళి మండలంలోనే కాకరాపల్లి ఉంది. బొగ్గు విద్యుత్ కేంద్రం వద్దని పోరాడినవాళ్ల మీద 2011 ఫిబ్రవరి 28న పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. వాళ్లను అభివృద్ధికి అడ్డం అన్నారు. తంపర అనే చిత్తడి నేలలో చేపలు పట్టుకుని, పశువులు మేపుకుని బతికేవాళ్లకు ఆ విద్యుత్ కేంద్రంలో దక్కే వాటా ఏమిటో ఎవరూ చెప్పలేదు. వాటా లేని యంత్రాన్ని వద్దనడం యంత్రాల మీద ద్వేషం కాదు. ఆ ఊళ్ల వాళ్ల చేతుల్లోనూ సెల్‌ఫోన్లు ఉన్నాయి, మిగతావాళ్లంత వేగంగానే కొన్నారు.

ఇప్పుడు అదే మండలంలో మూలపేట పోర్టు కడుతున్నారు. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. మొదటి ఓడ వచ్చేలోగా ప్రభుత్వాలు చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. నౌపడ ఉప్పు రైతులకు దీర్ఘకాలం లీజు రాసివ్వాలి. ఉప్పును బరువు మీద కాక శుద్ధిని బట్టి కొనే ధరల పట్టిక పెట్టి, పరీక్షించే ప్రయోగశాలను భావనగర్ సంస్థ సాయంతో నౌపడలోనే తెరవాలి. అయోడిన్ కలిపి ప్యాకెట్ కట్టే యంత్రాన్ని రైతుల సంఘం పేరు మీద ఇవ్వాలి. వెరావల్ వెళ్లే పడవవాళ్లకు ఈ తీరంలో జెట్టీలు కట్టాలి. జిల్లా నుంచి ఎన్నికైన ప్రజాప్రతినిధులు పోర్టు ఎన్ని టన్నుల సరుకు దించుతుందో చెప్పడం మాని, ముందు ఈ నాలుగింటికీ తేదీలు చెప్పాలి.